అండమాన్‌కు ఏ నెలలో వెళ్లాలి? మా ఇంటి లెక్క, సముద్రం లెక్క

అండమాన్ చూడాలన్న కోరిక మా ఇంట్లో అందరికంటే ముందు మా అత్తమ్మది. ఆమె తండ్రి తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జైలుకు వెళ్లొచ్చిన మనిషి. జైలు కథలు వింటూ పెరిగిన ఆమెకు కాలాపానీ జైలును ఒక్కసారి కళ్లారా చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి నీటి అడుగున పగడాలను, రాత్రిపూట మెరిసే సముద్రాన్ని చూడాలని ఆశ. హాలియా దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి సాగు చేసే మా ఆయన మాత్రం, పొలం పని చెడకుండా ఉంటే ఏ నెలైనా సరేనన్నారు. ఏ నెలలో వెళ్లాలో తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు రుతుపవనాల పాఠం చెప్పే దాన్నే కాబట్టి సులభంగా తేలుతుందనుకున్నారు. కానీ ఆ లెక్క పూర్తి కావడానికి కొన్ని నెలలు పట్టింది. ఏం చూసి, ఏం అడిగి, ఏం వదిలేసి ఆ నిర్ణయానికి వచ్చామో రాస్తే, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పెద్దవాళ్లతో, పిల్లలతో బయలుదేరాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు ఒక్కటే: అక్టోబరు నుంచి మే దాకా సీజన్. ఈ జవాబు అబద్ధం కాదు కానీ చాలా వెడల్పైనది. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలూ అందులోనే ఉన్నాయి, నైరుతి రుతుపవనాలు వచ్చి పడే మే నెలా అందులోనే ఉంది. టూర్లు అమ్మేవాళ్లకు ఏడాదిలో ఎనిమిది నెలలు సీజన్‌గా ఉండడం అవసరం. డెబ్బై దాటిన మనిషిని వెంట తీసుకెళ్లేవాళ్లకు మాత్రం ఆ ఎనిమిది నెలల్లో ఏ రెండు మూడు వారాలు నిజంగా మంచివో తెలియాలి.

అందుకే ముందుగా వానల లెక్క తీశాను. భారత వాతావరణ శాఖ తన పరిశీలన కేంద్రాలున్న ఊళ్లకు నెలవారీ సగటు వర్షపాతం, వాన పడే రోజుల సంఖ్య ప్రకటిస్తుంది. ఒక రోజులో 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే ఆ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం, అయినా అక్కడి జనం నోట ఇంకా పాత పేరే వినిపిస్తుంది కాబట్టి నేనూ అదే వాడుతున్నాను) ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన నల్లగొండలో ఏడాది మొత్తం మీద పడేది 700 నుంచి 750 మిల్లీమీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నెలనెలా 300 మిల్లీమీటర్లకు పైగానే పడుతుంది కాబట్టి, మనకు ఏడాది పొడవునా దొరికే వాన వాళ్లకు ఆ రోజుల్లో రెండున్నర నెలల్లోపే కురిసిపోతుందన్నమాట. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం సగటు వాన యాభై మిల్లీమీటర్లు కూడా దాటదు. ఈ లెక్క ప్రకారం జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలమని తేలిపోయింది.

నేను అక్కడితో ఆగలేదు. కారణం మా అత్తమ్మ మోకాళ్లు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం. ఆ నీళ్లు కీళ్లను, నడుమును ఎట్లా బిగదీస్తాయో మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆమె నడవగలదు, మెట్లూ మెల్లగా ఎక్కగలదు, కానీ ఊగే చోట కాలు మోపాలంటే నడుము ఆమె మాట వినదు. వాన పడితే గొడుగు వేసుకుని హోటల్లో కూర్చోవచ్చు. సముద్రం ఊగుతుంటే మాత్రం పడవ ఎక్కడం, దిగడం, రెండు గంటలు లోపల కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. అండమాన్ యాత్ర అంటేనే పడవ ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు (స్వరాజ్ ద్వీపం), నీల్‌కు (షహీద్ ద్వీపం) పడవలోనే వెళ్లాలి, ఎదురుగా కనిపించే రాస్ దీవికి (నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) కూడా చిన్న పడవ ఎక్కాల్సిందే. కాబట్టి మా ఇంటి వరకు సీజన్‌ను తేల్చవలసింది ముందు గాలి, ఆ తర్వాతే వాన అన్న అభిప్రాయానికి వచ్చాను.

గాలి లెక్క వాన లెక్కలాగా ఒక్క పట్టికలో దొరకలేదు. పాఠాల్లో చదివినదాన్ని పటం ముందు పెట్టుకుని, అక్కడికి వెళ్లొచ్చిన వాళ్ల అనుభవాలతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. మే మూడో వారం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. హావ్‌లాక్‌లో పేరున్న రాధానగర్ బీచ్ పడమటి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో అలలు నేరుగా దాని మీదికే వస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలి. అప్పుడు తూర్పు వైపున్న తీరాలు, దీవుల మధ్య తెరిచి ఉన్న సముద్రం అలజడిగా ఉంటాయి, రాధానగర్ మాత్రం నాగార్జునసాగర్‌లో నిలిచిన నీళ్లలా నెమ్మదిస్తుంది. ఫిబ్రవరిలో ఈశాన్య గాలి బలం తగ్గుతూ వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో గాలి అతి తక్కువ, నీళ్లు అతి తేట. అంటే జనవరిలో వాన తగ్గినా గాలి తగ్గదు. వాన పట్టిక ఒక్కటే చూసి జనవరికి టికెట్లు కొనేవాళ్లు ఈ తేడాను గమనించాలి.

డిసెంబరు గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం కలిసి వస్తాయని చాలామంది ఆ నెలనే ఎంచుకుంటారు, అందుకే ఆ పది పదిహేను రోజుల్లో గదుల అద్దెలు, విమాన చార్జీలు ఏడాదిలోకెల్లా ఎక్కువగా ఉంటాయి. ఆ ఖర్చు భరించినా భరోసా ఉండదు. 2016 డిసెంబరు మొదటి వారంలో, ఆ తర్వాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం కారణంగా హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. పడవలు నిలిచిపోయాయి, చివరకు నౌకాదళం ఓడలు పంపించి వాళ్లను తీసుకురావాల్సి వచ్చింది. అదే తుపాను డిసెంబరు 12న చెన్నై మీద విరుచుకుపడింది. అట్లాంటిది ప్రతి ఏడూ జరగదు. అయినా మందులు లెక్కపెట్టుకుని వెంట తెచ్చుకునే పెద్దమనిషితో ఆ అవకాశానికి ఎదురెళ్లడం నాకు న్యాయమనిపించలేదు.

ఇక ఎండ సంగతి. మా మరిది ఒకాయన మే నెలలో వెళ్లమని గట్టిగా చెప్పాడు. పిల్లకు సెలవులు, నాకూ సెలవులు, పైగా నల్లగొండలో నలభై అయిదు డిగ్రీలు కాస్తుంటే అక్కడ ముప్పై రెండే కదా అన్నది ఆయన వాదన. పైకి చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ మన ఎండ పొడి ఎండ, నీడలోకి వస్తే చెమట ఆరిపోతుంది. అక్కడ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ముప్పై రెండు డిగ్రీల్లో కూడా చెమట ఆరదు, ఒళ్లు జిడ్డుగా ఉండి ఊపిరి బరువెక్కినట్టుంటుంది. దానికి తోడు మే నెలలో రుతుపవనాలు ఎప్పుడు దిగుతాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. మామూలుగా అయితే అండమాన్ సముద్రంలోకి అవి మే 20కి అటూ ఇటూగా వస్తాయి, కేరళకు జూన్ 1న చేరతాయి. మేం వెళ్లొచ్చిన 2025లోనే అవి మే 13కే అండమాన్ ప్రాంతంలో ప్రవేశించాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు నీరు మరీ వేడెక్కిన ఏళ్లలో పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. 2010లో, 2016లో అండమాన్‌లో అట్లా జరిగింది. పగడాలు చూపిస్తానని అమ్మాయికి మాట ఇచ్చి, పాలిపోయిన రాళ్లను చూపించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంత తలనొప్పి ఎందుకు, వేరే దీవికి పోరాదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ వైపు కూడా కొంత చూశాను, ఎందుకంటే దీవి మారితే సీజన్ మారిపోతుంది. మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, ఇంచుమించు అండమాన్ లెక్కే. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడిగా ఉంటుంది, అంటే మన ఎండాకాలం సెలవులకు అది సరిగ్గా సరిపోతుంది. శ్రీలంక ఒక్క దీవే అయినా అక్కడ రెండు సీజన్లు: గాలె ఉన్న నైరుతి తీరానికి డిసెంబరు నుంచి మార్చి, ట్రింకోమలీ ఉన్న తూర్పు తీరానికి మే నుంచి సెప్టెంబరు. థాయ్‌లాండ్‌లోనూ అంతే, ఫుకెట్‌కు నవంబరు నుంచి ఏప్రిల్ మంచిదైతే, రెండో వైపు సముద్రంలో ఉన్న కో సముయిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దంచుతాయి. సెలవులు మే నెలలో మాత్రమే దొరికేవాళ్లు, పాస్‌పోర్టులు ఉన్నవాళ్లు బాలినో తూర్పు శ్రీలంకనో చూసుకోవడం తెలివైన పని. మాకు ఆ దారి లేదు. అత్తమ్మకు పాస్‌పోర్టు లేదు, పైగా ఆమె చూడాలనుకున్న జైలు ప్రపంచం మొత్తం మీద ఒక్క చోటే ఉంది.

ఇక్కడి నుంచి మా ఇంటి లెక్క మొదలైంది. గోడ క్యాలెండరు దింపి, బల్ల మీద పరిచి, మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టాను. మొదటిది పొలం. వానాకాలం వరి కోతలు, కల్లం, కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యేసరికి నవంబరు గడిచి డిసెంబరు వస్తుంది. ఆ వెంటనే యాసంగి నారు, దమ్ము, జనవరిలో నాట్లు. మళ్లీ ఏప్రిల్‌లో కోతలు. నాట్లు ముగిసి వరి పిలక వేసే ఫిబ్రవరిలో మాత్రం పని కొంత తెరిపిస్తుంది. నీళ్లు వారబందీ ప్రకారం వస్తాయి కాబట్టి మా వంతు రోజులను మా బావగారికి అప్పగిస్తే, యూరియా చల్లే రోజును కొద్దిగా అటూ ఇటూ జరుపుకొంటే, మా ఆయన కదలవచ్చు.

రెండోది బడి. సంక్రాంతి సెలవులు జనవరిలో గాలి ఇంకా తగ్గని రోజుల్లో పడ్డాయి, అదీగాక అప్పుడు నాట్లు. బతుకమ్మ, దసరా సెలవులు తుపానుల నెలల్లో పడ్డాయి. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, ఆ వెనుకే వార్షిక పరీక్షలు. కాబట్టి ఎప్పుడు వెళ్లినా పిల్ల బడి మానక తప్పదని స్పష్టమైంది. ఆ అమ్మాయి పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఉంటే ఫిబ్రవరి మాట నేను తలపెట్టేదాన్నే కాదు. ఎనిమిదో తరగతిలో కొన్ని రోజుల పాఠాలు పోతే తిరిగి అందుకోవచ్చు. మరుసటి ఏడు, ఆపై ఏడు అది కుదరదు. ఈ కారణంతోనే ప్రయాణం వాయిదా వేయలేదు.

మూడోది పండుగలు, మొక్కులు. మాఘమాసంలో రథసప్తమికి చెర్వుగట్టు జాతర మొదలవుతుంది. ఆ గట్టు ఎక్కకుండా మా అత్తమ్మ ఏ ప్రయాణమూ పెట్టుకోదు. శివరాత్రికి ఉపవాసం, జాగారం ఇంట్లోనే చేయాలంటుంది. ఆ ఏడు మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 12న, మహాశివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చాయి. జాతర ముగిశాక, శివరాత్రికి ముందు, పౌర్ణమి తర్వాత వచ్చే బహుళ పక్షపు రోజులు మాకు మిగిలాయి.

మిగిలిన రోజులు అవే కదా అని ఒప్పుకోవడం కాకుండా, ఆ రోజులు సముద్రానికి ఎట్లా ఉంటాయో చూద్దామని ఆటుపోట్ల సంగతి చదివాను. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన చదువు ఇదే. పౌర్ణమికి, అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరుసలోకి వస్తాయి కాబట్టి పోటు బాగా ఎత్తుకు వస్తుంది, ఆటు బాగా లోతుకు పోతుంది. అష్టమి చుట్టూ ఈ తేడా చాలా తక్కువ. రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆటు, పోటు వేళలు ఆలస్యమవుతూ ఉంటాయి. దీని వల్ల దేనికి ఏ తిథి మంచిదో విడిగా చెప్పవచ్చు. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రంలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడే దాని కిందికి నడిచి వెళ్లవచ్చు, కాబట్టి దానికి పౌర్ణమి దగ్గరి రోజులు కావాలి. పగడాలు చూడడానికి, అంటే ముఖానికి అద్దం కట్టుకుని నీళ్ల మీద తేలుతూ చూడడానికి, నీటి ప్రవాహం నెమ్మదిగా, ఇసుక లేవకుండా ఉండాలి, దానికి అష్టమి దగ్గరి రోజులు మేలు. అమ్మాయి ఆశపడ్డ మెరిసే సముద్రానికి చీకటి కావాలి. నీటిలోని కంటికి కనిపించనంత చిన్న జీవులు కదిలించినప్పుడు నీలిరంగు వెలుగు ఇస్తాయి, వెన్నెల ఉంటే అది కళ్లకు ఆనదు. బహుళ అష్టమి నాటికి చంద్రోదయం అర్ధరాత్రికి జరుగుతుంది కాబట్టి పొద్దుగూకినప్పటి నుంచి పడుకునే వేళ దాకా చీకటే. అంటే పౌర్ణమి తర్వాత ముందు నీల్‌కు, ఆ తర్వాత అష్టమి దాటేలోగా హావ్‌లాక్‌కు వెళితే మూడు కోరికలూ ఒకే పక్షంలో తీరుతాయి. ఇది తేలిన రాత్రి నేను పొందిన సంతోషం చిన్నది కాదు.

టికెట్లు కొనేముందు ఒక పరీక్ష మిగిలింది. అత్తమ్మ అంతవరకు ఎప్పుడూ పడవ ఎక్కలేదు. ఒక ఆదివారం ఆమెను సాగర్ తీసుకెళ్లి నాగార్జునకొండ లాంచీ ఎక్కించాము. రేవు మెట్లు దిగేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి మా ఆయన భుజం మీద, కుడి చెయ్యి ఇనుప కడ్డీ మీద ఉంది. చివరి మెట్టుకూ లాంచీ అంచుకూ నడుమ జానెడు సందు. ఆమె ఆ సందును చూసి ఆగిపోయింది. కింద నీళ్లు కదిలినప్పుడల్లా లాంచీ అంచు మెట్టు కంటే రెండు వేళ్లు పైకి వచ్చి మళ్లీ దిగేది. అది దిగిన క్షణంలో కాదు, పైకి వచ్చి ఆగిన క్షణంలో కాలు పెట్టమని లాంచీ మనిషి చెప్పాడు. ఆమె అట్లాగే చేసింది. కొండకు చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని కృష్ణ నీళ్లను చూస్తూ ఉండిపోయింది, తల తిరుగుతున్నదని ఒక్కసారీ అనలేదు. "గింతే గదా, నేను వస్త" అని తిరుగు ప్రయాణంలో చెప్పింది. సాగర్ నీళ్లు సముద్రం కావని నాకు తెలుసు. ఆమె శరీరం ఎంత ఊపును తట్టుకుంటుందో మాత్రం అక్కడ చూసుకున్నాము, మా ఊళ్లో డాక్టరును అడిగి కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు తెచ్చుకున్నాము.

ప్రయాణ క్రమం విషయంలో ఒక్క నియమం గట్టిగా పెట్టుకున్నాను. ఎంత మంచి నెలైనా గాలి లేచి పడవ ఆగిపోయే అవకాశం ఉంటుంది. కాబట్టి హావ్‌లాక్ నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కేట్టు పెట్టుకోకూడదు, నడుమ ఒక పూర్తి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి. జైలు చూడడానికి ఆ రోజునే ఉంచుకుంటే అది ఖాళీగా పోదు. జైలు ఆవరణలో సాయంత్రం జరిగే లైట్ అండ్ సౌండ్ ప్రదర్శన కూడా ఆరుబయటే, కాబట్టి దానికీ వాన లేని నెల కావాలి. పడవ టికెట్లు ఉదయం వేళలవి తీసుకున్నాము. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు తెల్లవారుజామున లేచి వెళ్లాలి, దిగాక చాలా దూరం నడవాలి, అది అత్తమ్మకు సాధ్యం కాదు కాబట్టి వదిలేశాము.

వెళ్లాక మా లెక్క ఎంతవరకు నిలిచిందో కూడా చెప్పాలి. హైదరాబాదు నుంచి విమానంలో దిగగానే మాకు దొరికిన కారు డ్రైవరు తెలుగువాడు. వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారట. పోర్ట్ బ్లెయిర్‌లో అట్లాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సముద్రం ఎట్లా ఉందని నేను అడిగిన మొదటి ప్రశ్నకు ఆయన, జనవరి చివర దాకా ఊపు ఉందని, ఇప్పుడు గాలి పడిపోయిందని చెప్పాడు. నేను కాగితాల మీద చదివి తేల్చిన మాటే అక్కడి మనిషి నోట విన్నాక మనసు కుదుటపడింది. రాస్ దీవి పడవ దగ్గర అత్తమ్మకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. అంచు పైకి వచ్చి ఆగేదాకా నిలబడి, అప్పుడు కుడి కాలు పెట్టింది. నీల్‌కు వెళ్లే పడవ ఏసీ క్యాబిన్, తలుపులు మూసే ఉంటాయి. అలజడి రోజుల్లో అందులో కూర్చున్నవాళ్లు వరుసగా వాంతులు చేసుకుంటారని వినే ఉన్నాము. ఆ రోజు ఆమె దారి పొడవునా పక్కన కూర్చున్న బెంగాలీ అమ్మమ్మకు తన దగ్గరున్న సకినాలు పెడుతూనే ఉంది.

నీల్‌లో మధ్యాహ్నం ఆటుకు నీళ్లు బాగా వెనక్కి పోయాయి. రాతి వంతెన కింద మోకాలి ఎత్తు గుంటల్లో చిన్న చేపలు, సముద్ర దోసకాయలనే జీవులు, రాళ్ల సందుల్లో పీతలు కనిపించాయి. ఆ రాళ్లు పదునైనవి, తడిగా ఉంటాయి కాబట్టి అత్తమ్మ ఒడ్డున ఉన్న కొబ్బరిబోండాల కొట్టు నీడలో కూర్చుంది, మేం ముగ్గురం వెళ్లొచ్చాము. హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అమ్మాయి నీటిలోంచి తల పైకి తీయడానికే ఒప్పుకోలేదు. రాధానగర్‌లో నేను ఊహించినట్టే అలలు చిన్నవి. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడింది. అక్కడ సాయంత్రం అయిదున్నరకే పొద్దుగూకుతుంది. గడియారం మనదే అయినా దీవులు మనకంటే చాలా తూర్పున ఉన్నాయి కాబట్టి నల్లగొండ కంటే ముప్పావుగంటకు పైగా ముందే చీకటి పడుతుంది. ఆరు గంటల దాకా వెలుతురు ఉంటుందని లెక్కవేసుకుని బయలుదేరితే సూర్యాస్తమయం దాటిపోతుంది. మెరిసే నీళ్లు ఒక రాత్రి కనిపించాయి, కానీ ఫొటోల్లో చూపించేంత వెలుగు కాదు. ఒడ్డున నిలబడి చేతితో నీళ్లు చిమ్మినప్పుడు వేళ్ల సందుల్లో నీలపు చుక్కలు మెరిసి ఆరిపోయాయి. అమ్మాయికి అది చాలింది.

జైలు గురించి ఎక్కువ రాయను, అది వేరే రాతకు సంబంధించిన విషయం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఆ భవనంలో అప్పుడున్న ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. అత్తమ్మ ఒక గదిలోకి వెళ్లి, వెనుక గోడకు ఎత్తున ఉన్న చిన్న కిటికీ కింద చాలాసేపు నిలబడింది. ఎండ తక్కువగా ఉన్న నెల కావడం వల్లనే ఆమె ఆ మెట్లన్నీ ఎక్కగలిగిందని నా నమ్మకం.

ఇప్పుడు మా అక్క వాళ్లు వెళ్లాలనుకుంటున్నారు. మహబూబ్‌నగర్‌లో ఉంటారు, ఇద్దరు పిల్లల్లో ఒకరు పదో తరగతి. వాళ్లకు ఫిబ్రవరి చెప్పడం లేదు. వార్షిక పరీక్షలు ముగిసి బడులు మూసిన వెంటనే, ఏప్రిల్ చివరి వారంలో బయలుదేరి మే మొదటి వారం దాటకుండా తిరిగి రమ్మని చెప్పాను. గాలి అప్పుడు అతి తక్కువగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, ఉక్కపోతను మాత్రం భరించాలి, బయటి పనులన్నీ ఉదయం తొమ్మిదిలోగా, సాయంత్రం మూడున్నర తర్వాత పెట్టుకోవాలి. ఆ ఏటి పౌర్ణమి, అమావాస్య ఎప్పుడు వస్తున్నాయో చూసుకుని నీల్, హావ్‌లాక్‌ల వరుస మార్చుకోవాలి. దసరా సెలవులు తప్ప వేరే వీలు లేదనే వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌నే ఆధారంగా పెట్టుకుని, దీవులకు వెళ్లడం వాతావరణ శాఖ హెచ్చరికలు చూసి అప్పటికప్పుడు నిర్ణయించుకుంటే మంచిది. తిరుగు విమానానికి ముందు ఒక రోజు కాదు, రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి.